అక్టోబరు ఉదయం పార్కులో పిట్టల్ని చూడటం ఎలా

తంగేడు, గునుగు పూసి బతుకమ్మలు పేర్చే రోజులు మొదలు కార్తీక దీపాల దాకా, పిట్టల్ని చూడటం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి కాలం లేదు. వాన తెరిపి ఇస్తుంది, ఎండ ఇంకా ముదరదు, చెట్ల మీద మూడు రకాల పిట్టలు కలిసి తిరుగుతుంటాయి. ఏడాదంతా ఇక్కడే ఉండేవి కొన్ని. ఈ ఏడే గూట్లోంచి బయటపడి ఇంకా పూర్తి రంగు తిరగని పిల్లలు కొన్ని. హిమాలయాల నుంచీ, అంతకు ఉత్తరాన మధ్య ఆసియా, సైబీరియాల నుంచీ చలికి ముందే దిగి వచ్చినవి మరికొన్ని.

కొత్తవాళ్లు మొదటిరోజే వలస పిట్టల కోసం వెతుకుతారు. అది తలకిందుల పని. కాకి, గోరింక, పిగిలిపిట్ట, రామచిలుక కంటికీ చెవికీ బాగా అలవాటైతే, కొత్తగా వచ్చిన పిట్ట తనంతట తానే బయటపడుతుంది. "ఇది మనవాళ్లలో ఎవరూ కాదే" అని మనసుకు తట్టిందంటే వలస పిట్ట దొరికినట్టే. కింద చెప్పే వరుస అంతా ఆ తట్టడం కోసమే.

పార్కు, వేళ

ఇక్కడి ఉదాహరణలన్నీ హైదరాబాద్ కేబీఆర్ పార్కువి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య ఉన్న ఈ అడవి ముక్కను 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. రాతిగుట్టలు, ముళ్లపొదలు, పెద్ద చెట్లు, నీటి జాడ అన్నీ ఒకేచోట ఉండటం దీని బలం. మీరు ఏ ఊళ్లో ఉన్నా పార్కు ఎంచుకునేటప్పుడు ఇవే చూడండి: ముదురు చెట్లు, తోటమాలి కత్తెర పడని ఒక పొదల మూల, కాస్త నీరు, కొంచెం ఖాళీ నేల. నున్నగా కత్తిరించిన పచ్చిక, గోడలా చెక్కిన కంచెమొక్కలు మాత్రమే ఉన్న పార్కులో పావురాలూ గోరింకలూ తప్ప పెద్దగా కనిపించవు. పురుగు లేనిచోట పిట్ట ఉండదు, రాలిన ఆకు లేనిచోట పురుగు ఉండదు.

హైదరాబాద్‌లో అక్టోబరు మధ్యలో సూర్యోదయం సుమారు 6:08కి. నవంబరు మధ్యకి 6:20 దాటుతుంది. పొద్దు పొడవడానికి పావుగంట ముందే గేటు దగ్గర ఉండండి. మొదటి గంటన్నర ఆ రోజుకు ప్రాణం. రాత్రంతా ఆకలితో ఉన్న పిట్టలు తిండి కోసం కదులుతాయి, వాహనాల రొద ఇంకా మొదలు కాదు, చల్లగాలిలో కూత దూరం నుంచి కూడా వినపడుతుంది. ఎనిమిదిన్నర దాటితే చిన్న పిట్టలు ఆకుల్లో సద్దుమణుగుతాయి. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి అప్పుడు ఆకాశం వైపు చూడాలి. గద్దలు, డేగలు ఆ గాలిని పట్టుకుని గిరికీలు కొడతాయి.

వాతావరణం చూసుకునే వెళ్లండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి ఈదురుగాలి వీస్తుంటే మానుకోవడమే మేలు. ఆకులన్నీ ఊగుతుంటే ఆకంత పిట్ట కదలిక కంటికి ఆనదు. రాత్రి వాన పడి తెల్లారి ఎండ కాసిందంటే మాత్రం ఎలాగైనా వెళ్లండి. అలాంటి ఉదయం ఉసిళ్లు లేస్తే పసులపోలిగాళ్లు (డ్రాంగోలు), పసరిక పిట్టలు (గ్రీన్ బీ ఈటర్లు), గోరింకలు, గద్దలు అన్నీ ఒక్కచోటికే చేరతాయి. ఒక పుట్ట దగ్గర అరగంట నిలబడితే చాలు, మిగతా పార్కంతా తిరగక్కర్లేదు.

లోపలి దారులకు ఏ వేళల్లో వదులుతారు, టికెట్ ఎంత, పెద్ద కెమెరాకు వేరే రుసుము ఉందా అన్నవి ముందురోజే గేటు దగ్గర అడిగి పెట్టుకోండి. కేబీఆర్‌లో బయటి వాకింగ్ ట్రాక్ వేరు, లోపలి దారులు వేరు. పిట్టల కోసమైతే లోపలికే వెళ్లాలి.

ముందురోజు రాత్రే చేసుకోవాల్సినవి

బైనాక్యులర్ కొనేముందు ఎవరిదైనా అడిగి ఓ ఉదయం వాడి చూడండి. కొనేటట్టయితే 8×42 కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. 42ని 8తో భాగిస్తే ఐదుకు పైగా వస్తుంది. కంటికి చేరే వెలుతురు కట్ట అంత వెడల్పు ఉంటుంది కాబట్టి మసక వెలుతురులోనూ బొమ్మ స్పష్టంగా ఉంటుంది. 10 రెట్లది కొంటే పిట్ట ఇంకా పెద్దగా కనిపిస్తుందని అనిపిస్తుంది. అయితే చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఆకుల్లో దూకే చిన్న పిట్ట అద్దంలోకి దొరకనే దొరకదు. 20×50 అని, జూమ్ అని అమ్మే చౌక రకాల జోలికి అసలు పోవద్దు.

కొన్నాక దాన్ని మీ కళ్లకు సరిచేసుకోవాలి. చాలామంది ఈ పని ఎప్పటికీ చేయరు, కళ్లు లాగుతున్నాయని ఫిర్యాదు చేస్తూ వాడతారు. పగటిపూట ఓ ముప్పై నలభై మీటర్ల దూరంలో అక్షరాలున్న బోర్డు ఎంచుకోండి. రెండు గొట్టాలనూ దగ్గరికో దూరానికో వంచి రెండు గుండ్రాలు ఒక్కటిగా కనిపించేలా చేయండి. కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు పదునుగా వచ్చేలా చేయండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరుండే సన్నని రింగు మాత్రం తిప్పి అంతే పదునుకు తెండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. అది మీ కళ్ల కొలత. ఇక మీదట మధ్య చక్రం ఒక్కటే తిప్పుతారు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని పూర్తిగా లోపలికి దించాలి, లేనివాళ్లు పైకి లాగి ఉంచాలి. ఇది తారుమారైతే బొమ్మ చుట్టూ నల్లని నీడలు ఆడతాయి.

ఏసీ గదిలో పెట్టిన బైనాక్యులర్‌ను నేరుగా అక్టోబరు తేమలోకి తెస్తే అద్దాల మీద ఆవిరి కమ్ముతుంది. సరిగ్గా మంచి వేళ పావుగంట పోతుంది. రాత్రే దాన్ని ఏసీ లేని గదిలో పెట్టండి. ఆవిరి కమ్మినప్పుడు చొక్కా అంచుతో తుడవకండి. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అద్దం మీది పూతను గీరేస్తాయి. ముందు ఊదండి, మెత్తని కుంచెతో దులపండి, ఆ తర్వాతే కళ్లజోడు గుడ్డ.

సంచిలో అరలీటరు నీళ్లు, చిన్న నోటుపుస్తకం, పెన్సిల్, టోపీ. పెన్సిల్ ఎందుకంటే మంచుకు తడిసిన కాగితం మీద పెన్ను పాకుతుంది. ఆలివ్, ఖాకీ, మట్టిరంగు బట్టలు వేసుకోండి, తెలుపు వద్దు. నిండు చేతుల చొక్కా, మడమ మూసే బూట్లు తప్పనిసరి. ఈ నెలల్లో దోమలు ఎక్కువ, పగటి దోమతో డెంగీ వస్తుంది. వానల తర్వాత పొదల అంచున పాములూ తిరుగుతాయి కాబట్టి ఎంత మంచి పిట్ట పిలిచినా దారి దిగవద్దు.

మొదటి పది నిమిషాలు నడవకండి

లోపలికి అడుగుపెట్టగానే ఓ చెట్టు పక్కన ఆగండి. బైనాక్యులర్ మెడలోనే ఉండనివ్వండి. ఇది చెవుల వంతు. మొదట వినపడేవన్నీ ఒకే గోల అనిపిస్తుంది. అందులోంచి ఒక్కొక్క పోగు విడదీయండి. దూరంగా పిల్లి మూలిగినట్టు పెద్దగా "మియావ్" అంటే నెమలి. ఒకే శ్రుతిలో చిన్న సుత్తితో రాగిరేకు కొట్టినట్టు "టుక్, టుక్, టుక్" అంటే కంసాలి పిట్ట. బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టు "కూప్ కూప్ కూప్" అంటే జెముడుకాకి. మీ అడుగుల చప్పుడుకు రేగి గోల పెట్టేది తీతువు. ఈ నాలుగూ విడిపోయాక మిగిలిన శబ్దాలు మీకు కొత్త. వాటికి పేర్లు అప్పుడే అక్కర్లేదు, ఎటువైపు నుంచి, ఎంత ఎత్తు నుంచి వస్తున్నాయో చూస్తే చాలు.

ఫోన్‌లో పిట్టల్ని పోల్చిపెట్టే మెర్లిన్ యాప్ ఉంటే, కూత విని పేరు చెప్పే దాని సౌండ్ ఐడీ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంటి దగ్గరే ఇండియా ప్యాక్ దించుకుంటే పార్కులో నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెర మీద పేరు పడిందని జాబితాలో రాసేయకండి. పసులపోలిగాడు డేగ కూతను అచ్చంగా దింపుతాడు, యాప్ డేగ అంటుంది. యాప్ చెప్పిన పేరును అనుమానంగా పెట్టుకుని, పిట్టను కంటితో చూశాకే రాయాలి.

తర్వాత నడక. పాతిక అడుగులు వేసి రెండు నిమిషాలు ఆగండి, మళ్లీ పాతిక అడుగులు. గంటకు కిలోమీటరు దాటితే మీరు వ్యాయామానికి వచ్చినట్టు. ఎండ ముందుగా ఎక్కడ పడుతుందో అటే చూడండి. తూర్పు ఎండ తగిలిన చిటారుకొమ్మల మీద పురుగులు ముందు కదులుతాయి, వాటి వెనకే పిట్టలు. చల్లని ఉదయం పసరిక పిట్టలు ఒకే కొమ్మ మీద భుజాలు రాసుకుంటూ వరుసగా కూర్చుని, వెన్ను ఈకలు రేపి నీరెండ కాగుతుంటాయి. అప్పుడు అవి కాసేపు ఎగరవు. మొదటిసారి బైనాక్యులర్ పట్టినవాళ్లు చేయి అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి పిట్ట లేదు.

కదలిక కనపడితే చూపు తిప్పవద్దు. పిట్ట మీదే కళ్లు నిలిపి, బైనాక్యులర్‌ను కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. చేతిలో ఉన్నదాన్ని చూసి, తర్వాత పైకి చూస్తే చోటు తప్పుతుంది. పక్కవాళ్లకు చూపించాలంటే వేలు చాపకండి, చేయి లేస్తే పిట్ట లేస్తుంది. చెట్టును గడియారం అనుకుని "వేపచెట్టు, రెండు గంటల దగ్గర, ఎండు కొమ్మ మొదట్లో" అని మెల్లగా చెప్పండి.

ఏం చూడాలి అన్నదానికి వరుస ఉంది. రంగు చివరిది. ముందు సైజు: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా. తర్వాత ముక్కు: గింజలు ఒలిచే లావు ముక్కా, పురుగు పట్టే సన్న ముక్కా, కొక్కెమా. తర్వాత తోక: పొడవెంత, నిక్కబొడుస్తోందా, ఊపుతోందా. తర్వాత పని: ఆకుల కింద గాలిస్తోందా, ఒకే కొమ్మ నుంచి గాల్లోకి లేచి పురుగు పట్టి మళ్లీ అదే కొమ్మకు వస్తోందా, నేల మీద నడుస్తోందా గెంతుతోందా. రంగును చివర పెట్టమనడానికి కారణం, శరత్కాలంలో అది అబద్ధం చెబుతుంది.

ఈ నెలల్లో రంగు ఎలా మోసం చేస్తుంది

తేనెపిట్ట దీనికి మంచి పాఠం. ఎండాకాలంలో మగ ఊదా తేనెపిట్ట నల్లగా, ఎండ తగిలితే నీలం ఊదా మెరుపుతో ఉంటుంది. ఈకలు రాల్చాక, అక్టోబరులో అదే పిట్ట పైన బూడిద గోధుమరంగు, పొట్ట పసుపు, ఆడదానిలాగే. దగ్గరగా చూడండి: గడ్డం కింద మొదలై రొమ్ము మధ్యగా కిందికి ఒక నల్లటి సన్న చార దిగుతుంది, మెడలో టై కట్టినట్టు. రెక్క భుజం దగ్గర నీలి మెరుపు ముక్క ఒకటి. ఆ చార ఉంటే మగది, లేకపోతే ఆడది. మామిడి, వేప కొమ్మల మీద పట్టిన బదనిక పూస్తే అక్కడ నిలబడండి. ఎర్రటి గొట్టం పూల దగ్గర తేనెపిట్టలు తల కిందికి వేలాడుతూ కనిపిస్తాయి, చాలా దగ్గరగా.

నెమలినీ పొరబడతారు. ఆగస్టు నుంచి మగ నెమలి పింఛం రాల్చేస్తుంది. అక్టోబరులో కేబీఆర్‌లో తోక లేకుండా తిరిగేవన్నీ ఆడవే అనుకుంటే లెక్క తప్పుతుంది. మెడ చూడండి. నిగనిగలాడే ముదురు నీలం మెడ మగది. ఆడదాని మెడ కింది భాగం ఆకుపచ్చ, పొట్ట తెల్లన. రాలిన ఈకలు కనపడితే అక్కడే వదిలేయండి, జాతీయ ఉద్యానవనంలోంచి ఏదీ బయటికి తేకూడదు.

వానకాలమంతా పసుపు తలతో గూళ్లు అల్లిన మగ గిజిగాడు ఇప్పుడు పసుపు వదిలేసి ఆడ పిచ్చుకలా మారిపోతాడు. లావు ముక్కు, ఒత్తుగా కలిసి తిరిగే గుంపు చూసి పోల్చుకోవాలి. పొట్ట మీద తెల్లని పొలుసుల మచ్చలతో కనిపించే పసులపోలిగాడు కొత్త జాతి కాదు, ఈ ఏటి పిల్ల. చెరువు గట్టున గుడ్డికొంగ తన ఎండాకాలపు మెరూన్ వీపు, బంగారు మెడ విడిచి, గోధుమ చారలతో మట్టిలో మట్టిలా నిలబడి ఉంటుంది. అడుగు దూరంలోకి వెళ్లేదాకా తెలియదు, ఎగిరితే మాత్రం తెల్లని రెక్కలు చటుక్కున విచ్చుకుంటాయి.

ఇక పాలపిట్ట. దసరా రోజు దాన్ని చూడాలని ఊరంతా వెతుకుతుంది. తీగ మీద కూర్చున్నప్పుడు అది ఇటుక గోధుమరంగు రొమ్ముతో, పెద్ద తలతో, మందంగా కనిపిస్తుంది. చాలామంది దాని కిందినుంచే నడిచి వెళ్లిపోతారు. ఎగిరిన క్షణంలో రెక్కల్లోని ముదురు, లేత నీలాలు బయటపడతాయి. చెట్ల గుబుర్లలో వెతకవద్దు, ఖాళీ నేల పక్కన తీగలు, ఎండుకొమ్మలు చూడండి. అది కింద పాకే మిడతల కోసం కాపు కాస్తుంది.

దసరాకు పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. వలపన్ని పట్టి, రెక్కలు కట్టి, రోజుల తరబడి తిప్పిన పిట్టలు అవి. వదిలినా చాలావరకు బతకవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దండం పెట్టుకోవాలంటే ఊరి చివర తీగ మీద దొరుకుతుంది, కాస్త ఓపిక పట్టాలంతే. అటవీ శాఖకు ఫోన్ చేసి పంజరం ఎక్కడుందో చెప్పడం ఇంకా మంచి పని.

వలస వచ్చినవాటిని పట్టుకోవడం

ముందు అందరికన్నా ఎక్కువగా ఉండేదాన్ని నేర్చుకోండి. తెలుగులో దీనికి వాడుక పేరు లేదు, గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. పిచ్చుక కన్నా చిన్నది. కేబీఆర్ లాంటి పార్కులో సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా పెద్ద చెట్ల పైకొమ్మల్లో దాదాపు ప్రతి పది నిమిషాలకూ ఒకటి వినపడుతుంది. వినపడుతుంది అనే అంటున్నాం, ఎందుకంటే కనపడటం తర్వాతి మాట. "చి-వీ" అని రెండు ముక్కల, చురుకైన, పైకి లేచే కూత. ఒకసారి చెవికి పట్టిందా, ఇక ఇంటి ముందు వేపచెట్టు మీద కూడా వినపడుతుంది. ఇన్నాళ్లూ ఎలా వినలేదా అనిపిస్తుంది.

చూడటానికి ఆకుపచ్చ బూడిదరంగు, పొట్ట మాసిన తెలుపు, కంటి పైన లేత పొడవాటి గీత, రెక్క మీద సన్నని తెల్ల అడ్డగీత. ఆ అడ్డగీత కొన్నిటికి అరిగిపోయి సరిగ్గా కనపడదు. కొత్తవాళ్లు దీన్ని మనూరి టైలర్ బర్డ్ అనుకుంటారు. ఆకులు కుట్టి గూడు చేసే ఆ పిట్ట నెత్తి ఇటుకరంగు, తోక నిక్కబొడుచుకుని ఉంటుంది, పొదల్లో మీ నడుమెత్తులో తిరుగుతూ సైజుకు మించిన గొంతుతో అరుస్తుంది. వార్బ్లర్ తోక నిక్కదు, ఎత్తులో ఉంటుంది, ఒక ఆకు కింద అరసెకను కూడా ఆగదు. దాన్ని పట్టాలంటే వెంటాడవద్దు. కొమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు గాలిస్తూ వస్తుంది కాబట్టి, అది రాబోయే చోట అద్దం నిలిపి ఉంచండి.

పొదల అడుగునుంచి ఎవరో నాలుక కొట్టినట్టు "టక్... టక్" అని వస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మొత్తం సాదా గోధుమరంగు. మధ్య ఆసియా, తూర్పు ఐరోపా నుంచి వస్తుంది. అది బయటికి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలూ కదలకుండా ఉండాలి.

చెట్ల నీడలో, మనిషెత్తు కొమ్మ మీద కూర్చుని తోక పైకి ఎగదోసే గుండ్రటి చిన్న పిట్ట కనపడితే తోక మొదలు చూడండి. నల్లటి తోకకు మొదట్లో రెండు పక్కలా తెల్లటి పట్టీలు ఉంటే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, లేదా దాని దగ్గరి చుట్టం టైగా ఫ్లైక్యాచర్. ఎర్ర గొంతు కోసం చూడకండి, వచ్చేవాటిలో చాలా వాటికి అది ఉండదు. పేరులో ఏముందో చూసి వెతికితే దొరకదు.

రాతిగుట్టల దగ్గర తోకను ఆగకుండా వణికించే ఇటుకరంగు పొట్ట పిట్ట బ్లాక్ రెడ్‌స్టార్ట్. పారే నీటి అంచున పొడవాటి తోక కిందికీ పైకీ ఊపుతూ పసుపు పొట్టతో నడిచేది గ్రే వాగ్‌టెయిల్. గోరింకల గుంపులో మట్టిరంగు, లేత పసుపు ముక్కు ఉన్నవి కలిసి ఉంటే పలిస పిట్ట (రోజీ స్టార్లింగ్) పిల్లలు. పెద్దవి గులాబీ, నలుపు. జొన్న కంకులు పట్టే కాలంలో గుంపులుగా దిగే ఈ పిట్టల్ని రైతులు ఎప్పటినుంచో ఎరుగుదురు.

తెలుగు పేర్ల గురించి ఒక మాట. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ మన పిట్టల తెలుగు పేర్లు చాలా రాసిపెట్టాడు, అవి యానాదులూ వేటగాళ్లూ చెప్పినవి. నల్లంచి, పొనంగి పిట్ట, వంగపండు, తోక పిగిలి లాంటి పేర్లు వాడుకలో నిలిస్తే బాగుంటుంది. మీ జాబితాలో ఇంగ్లిష్ పేరు పక్కనే తెలుగు పేరూ రాయండి. మీ అమ్మమ్మకో, ఊళ్లో గొర్రెల కాపరికో ఫొటో చూపించి ఏమంటారో అడగండి. జిల్లా మారితే పేరు మారుతుంది, రెండూ రాసుకోండి.

నీటి దగ్గర

పార్కులో కుంట ఉంటే ఉదయం తూర్పు గట్టున నిలబడండి. అప్పుడు పొద్దు మీ వీపు వెనక ఉంటుంది, నీటి మీద పిట్టల రంగులు తెలుస్తాయి. పడమటి గట్టున నిలబడితే అన్నీ నల్లటి బొమ్మలే. నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటూ, లకుముకిపిట్ట కొమ్మ మీద కాపు కాస్తూ, తెల్లకొంగలు అంచున. పెద్ద చెరువైతే అక్టోబరు చివర నుంచి వలస బాతులు దిగడం మొదలవుతుంది. బాతులు పగలు తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతాయి, వాటికి దగ్గరగా పోవాలని చూడకండి. ఒకసారి లేచిన గుంపు ఆ ఉదయం మళ్లీ అక్కడ దిగకపోవచ్చు.

రాసుకోవడం

చూసిన చోటే రాయండి. ఇంటికెళ్లి రాస్తే పుస్తకంలో బొమ్మ చూసిన తర్వాత గుర్తొచ్చింది రాస్తారు, చూసింది కాదు. తెలియని పిట్టకు ఇంత ఉంటే చాలు: "6:42. నిద్రగన్నేరు, పైకొమ్మ. పిచ్చుక కన్నా చిన్నది. సన్న ముక్కు. కంటిపై లేత గీత. ఆగదు. చి-వీ." పేరు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. తప్పు పేరు రాస్తే అది అక్కడే పాతుకుపోతుంది.

అందరూ చూసిన పిట్టల జాబితాలు చేరే ఈబర్డ్ యాప్‌లో వేస్తే మీ లెక్క నలుగురికీ పనికొస్తుంది. బయలుదేరిన సమయం, నడిచిన దూరం, ఎంతసేపు అన్నవి యాప్ తనే పట్టుకుంటుంది. ఒకేచోట 30 మీటర్ల లోపే ఉంటే స్టేషనరీ, నడిస్తే ట్రావెలింగ్. చివర్లో అడిగే ప్రశ్న ముఖ్యం: గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా? కాకిని, పావురాన్ని వదిలేసి అరుదైనవే రాస్తే జవాబు "లేదు". అన్నీ రాస్తేనే "అవును". పిచ్చుకలు ఎక్కడ తగ్గుతున్నాయో, గోరింకలు ఎక్కడ పెరుగుతున్నాయో తెలిసేది ఇలాంటి పూర్తి జాబితాల వల్లే. "చాలా" అని కాకుండా అంకె వేయండి. చిలకల గుంపు దాటిపోతుంటే ముందు పదింటిని లెక్కపెట్టి, గుంపు అలాంటి పదులు ఎన్నో అంచనా కట్టండి. అంచనా అయినా ఖాళీ కన్నా నయం.

మొదటి ఉదయం పన్నెండు, పదిహేను రకాలు సొంతంగా పోల్చుకుంటే బాగా చూసినట్టే. పక్కన అనుభవం ఉన్నవాళ్లుంటే త్వరగా పెరుగుతుంది. హైదరాబాద్‌లో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా ఉన్న సంఘం చుట్టుపక్కల చెరువులకూ అడవులకూ సభ్యుల్ని తీసుకెళ్తుంది. కొత్తవాళ్లు భయపడక్కర్లేదు. అడగడానికి సిగ్గుపడేవాళ్లే ఆలస్యంగా నేర్చుకుంటారు.

కొన్ని పనులు అసలు చేయవద్దు. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం ఒకటి. తన చోటులోకి ఎవరో చొరబడ్డారని అది తిండి మానేసి వెతుకుతూ తిరుగుతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి ఒళ్లు చిక్కిన పిట్టకు ఆ అరగంట చాలా విలువైనది. రెండోది గింజలు చల్లడం. దానివల్ల పావురాలే పెరుగుతాయి. మూడోది పగటిపూట తొర్రలో కునుకుతున్న పైడికంటిని (గుడ్లగూబను) లేపడానికి కొమ్మ కొట్టడం. అది కళ్లు తెరిచి మిమ్మల్ని చూస్తే చాలు, అక్కడినుంచి కదలండి.

ఇంటికొచ్చాక బైనాక్యులర్‌ను గుడ్డతో ఒత్తి, ఓ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మన తేమకు అద్దాల లోపల బూజు పడుతుంది, అది పడితే పోదు. వచ్చే వారం అదే దారిలో, అదే వేళకు వెళ్లండి. పార్కులు మార్చకండి, కనీసం ఈ ఒక్క శీతాకాలం. నోటుపుస్తకం వెనక పేజీలో వలస పిట్టలకు ఒక వరుస గీసి, ఒక్కొక్కటి మొదటిసారి వినపడిన తేదీ వేయండి. ఏప్రిల్ వచ్చాక ఒక ఉదయం ఆ "చి-వీ" వినపడదు. మర్నాడూ, ఆ మర్నాడూ వెళ్లి చూసి, చివరగా విన్న తేదీని మొదటి తేదీ పక్కన రాయండి.